స్టీరింగు మూత కింద

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర నాగేందర్‌కు కార్ల ఎలక్ట్రికల్ షాపు ఉంది. వెనక గదిలో అతని భార్య పూర్ణిమ సీటు కవర్లు కుడుతుంది. గుద్దుకున్న కార్లను వేలంలో తెచ్చి, బాగుచేసి అమ్మడం కూడా ఈమధ్య మొదలుపెట్టాడు.

ఈసారి తెచ్చిన తెల్ల కారులో ఎయిర్‌బ్యాగులు రెండూ విచ్చుకుని ఉన్నాయి. వాటిని కోసి పారేసి, స్టీరింగుకు కొత్త మూత పెట్టాడు. మూత కింద ఏమీ లేదు. బ్యాగుకు వెళ్ళే వైర్లకు గోరంత రెసిస్టర్ తగిలించాడు. దాంతో కారులోని కంప్యూటరు బ్యాగు అక్కడే ఉందనుకుంటుంది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర లైటు బుద్ధిగా ఆరిపోతుంది. పగిలిన డ్యాష్‌బోర్డుకు రెక్సిన్ కుట్టింది పూర్ణిమే.

ఆదివారం నాగోల్ నుంచి పూర్ణిమ అక్క స్వర్ణలత, బావ ఉమాపతి వచ్చారు. ఉమాపతి కారు చుట్టూ తిరిగాడు.

"గిది నాకియ్యి తమ్మీ. బయట కొంటె మోసం జేస్తరు. నువ్వైతే మనోనివి."

"దీనికి పార్టీ ఉన్నదన్నా. మాటిచ్చిన," అన్నాడు నాగేందర్, అటు చూడకుండా.

"బయటోనికైతే మాటిస్తవ్, మాకైతే చాయ్ పోసి పంపిస్తవ్! సూడు స్వర్ణా, మీ చెల్లె మొగడు పెద్ద సేటయిండు."

స్వర్ణలత అప్పటికే ముందు సీట్లో కూర్చుంది. "మస్తు కుట్టినవే పూర్ణా," అంటూ రెక్సిన్ నిమిరింది.

పూర్ణిమ భర్తను లోపలికి పిలిచింది. "అక్కకు నిజం జెప్పేస్త."

"చెప్పు. పొద్దుగూకేసరికి మీ బావ ఉప్పలంత చాటుతడు. ఇంతకుముందు కొన్నోళ్ళంత వచ్చి షట్టర్ ముందట కూసుంటరు." అతను గొంతు తగ్గించాడు. "వాళ్ళ బండ్లకు కుట్టినప్పుడు ఏం అనలే గద నువ్వు?"

ఆమె బయటికి వచ్చి, అక్క చెవి దగ్గరికి వంగింది.

"దిగక్కా. ఈ బండ్ల ఎవరో పాణం ఇడిసిన్రంట."

నిజంగా ఎవరైనా పోయారో లేదో ఆమెకు తెలియదు. వేలంలో ఎవరూ చెప్పరు. నాగేందర్ అడగడు.

స్వర్ణలత ఉలిక్కిపడి దిగింది. వెళ్ళేముందు చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది. "సొంత చెల్లెవు గాబట్టి చెప్పినవ్. బయటోళ్ళు చెప్తరా?"

పూర్ణిమ మెల్లగా చేతులు విడిపించుకుంది.

శుక్రవారం నాచారం నుంచి ఒక జంట వచ్చింది. అతను అక్కడే ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో సూపర్‌వైజర్. ఆ తెల్ల కారు ఆ ఉదయమే వాళ్ళదయింది. షాపు నుంచి ఏ బండి వెళ్ళినా చేసినట్టే పూర్ణిమ బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి హారతి వెలిగించింది. అతని భార్య చంటిపిల్లను ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

"అక్కా, గుద్దుకుంటే బ్యాగులు బయటికొస్తయంట గద. దీంట్ల ఉన్నయా?"

పూర్ణిమ భర్త వైపు చూసింది. అతను అద్దం మీద తుడిచినచోటే మళ్ళీ తుడుస్తున్నాడు. అక్కతో అన్న మాట ఇక్కడ అన్నా చాలు. ఈమె కూడా దిగిపోతుంది.

"ఉన్నయమ్మా," అంది. కారు తలుపు మీద చెయ్యేసి, "పాపను తీస్కొని ఎనక కూసో," అంది.

"ముందల్నైతే దానికి గాలాడుతదక్కా."

సూపర్‌వైజర్ తాళం తిప్పాడు. ఎర్ర లైటు వెలిగి, ఆరింది.

"సూసినవా? లైటు ఆరింది. అంత మంచిగున్నట్టే," అన్నాడు భార్యతో, సంబరంగా.

నిమ్మకాయలు టైర్ల కింద చితికాయి. కారు నాచారం వైపు తిరిగింది. పళ్ళెంలో కర్పూరం కొండెక్కినా పూర్ణిమ అక్కడే నిలబడింది.

"లోపటికి రా," అని పిలిచాడు నాగేందర్. "రేపు ఇంకో బండొస్తది. రెక్సిన్ ఉన్నదా, తేవాల్నా?"

ఆమె లోపలికి వెళ్ళి చూసింది.

"ఉన్నది," అంది.