కాలవ చూడని రంగు

సీసాలో నీళ్లు ఎర్రబడ్డాయి. నాంచారయ్య చప్పున లేచి నిలబడ్డాడు.

"అయిపోయినట్టేనా, సత్యవతీ?"

"ఇంకా లేదు, బావగారూ. కూర్చోండి."

నాంచారయ్య ఆమె అక్క మొగుడు. పోయిన చలికాలం అతని పెద్దకొడుకు న్యుమోనియాతో పోయాడు. చిన్నవాడు ఇంకా పాకుతున్నాడు. మళ్లీ చలి మొదలైంది. మరదలు టీకా చేస్తోందని విని, బందరు పక్క గిలకలదిండి రేవులో ఐసు కొని, డబ్బాలో ఊక కప్పి, రైల్లో గుడివాడ మోసుకొచ్చాడు.

సత్యవతి అక్కడి కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. న్యుమోనియా క్రిమి ఒంటి మీద చక్కెర జాతి పూత ఒకటుంటుంది. పసివాళ్ల ఒళ్లు ఆ పూతని శత్రువని పోల్చుకోదు. దాన్ని గుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తుకి అతికిస్తే పోల్చుకుంటుందని ఆమె ఆశ. అతికించే మందు మంచులా చల్లగా ఉంటేనే పనిచేస్తుంది. అతికితే ఎర్రబడుతుంది, కానీ వేడికి చెడి తనలో తను కలిసినా ఎర్రబడుతుంది. ఐసు దారిలోనే సగం కరిగింది. తెలిసి కూడా, బావ మొహం చూసి, పని మొదలుపెట్టింది.

పెడనలో కలంకారీ అద్దే ఆమె తండ్రి, ఎంత మంచి రంగు గుడ్డయినా, కాలవలో ఉతికించి రంగు నిలిచిందని చూడందే బేరగాళ్లకి చూపించడు. ఇక్కడ కాలవ పని ఉప్పు చేస్తుంది. పొలాల్లో చల్లే అమ్మోనియా ఉప్పే. అది పడితే మాంసకృత్తు విరిగి అడుక్కి దిగుతుంది. చక్కెర అతుక్కుని ఉంటే, ఎరుపూ దాంతోపాటే దిగాలి.

ఉప్పు వేసింది. ఇద్దరూ సీసా వంకే చూస్తూ కూర్చున్నారు.

అడుగున విరిగిన పాలలా తెల్లగా పేరుకుంది. పైన నీళ్లు ఎర్రగానే ఉన్నాయి.

"అతుక్కోలేదు," అంది సత్యవతి.

"ఎర్రగా ఉందిగా. ఉన్నదే పిల్లాడికి సూదితో పొడువు. పనిచెయ్యకపోతే ఉత్త నీళ్లు పొడిచామనుకుందాం."

"నీళ్లు కాదు, బావగారూ. ఏమవుతుందో నాకే తెలీదు. అతుక్కున్నా ముందు కుందేళ్లకి. అవి బతికితే అప్పుడు చూద్దాం."

"అప్పటిదాకా వాడు ఆగాలిగా."

 సత్యవతి సీసా తీసుకెళ్లి తొట్టిలో వంపేసింది. చుక్క మిగల్చలేదు.

 నాంచారయ్య వంగి, ఐసు డబ్బాలోని తడిసిన ఊక బయట దులిపి వచ్చాడు.

"మామగారైతే రంగు నిలవని గుడ్డ అమ్మేవారు కాదులే," అన్నాడు.  "ఈసారి ఐసు మీద ఊక దండిగా వేస్తాను. మూత మీద గోనె కూడా చుడతాను."

డబ్బా భుజానికెత్తుకుని బందరు రైలుకి నడిచాడు.