బామ్మర్ది మార్చిన ప్లగ్గులు

బామ్మర్ది బానెట్‌లోకి సగం దూరి, కొత్త ప్లగ్గును వేళ్లతోనే బిగిస్తున్నాడు. మర పట్టేదాకా పానా ముట్టుకోకూడదని బావ నేర్పాడు. ఆ బావ పిలుపు విని వీధివీధంతా ఇతన్ని బామ్మర్ది అనే అంటుంది, బడిపిల్లలతో సహా. ఎవరికి బామ్మర్దో అడిగినవాడు లేడు.

బావ ఇప్పుడు కార్ల రిపేరు షెడ్డు వెనక గదిలో మంచం పట్టాడు. ఇంక ఇంట్లోనే ఉంచుకోమని డాక్టరు చెప్పేశాడు. అయినా కిటికీలోంచి ఇంజను విని ఆయన "ఊఁ" అంటేనే బండి గడప దాటాలి. పొద్దున పాలు కూడా వద్దన్న మనిషి, బ్యాటరీతోనూ పెట్రోలుతోనూ నడిచే ఈ హైబ్రిడ్ కారు గొంతు ఒక్కసారి వినాలన్నాడు. బామ్మర్దికి ఇవాళ కావలసిందల్లా ఆ "ఊఁ" ఒక్కటే.

ప్లగ్గుల కొట్టులోనే ఆలస్యమైంది. కొట్టువాడు మామూలువి అంటగట్టబోయాడు. ఈ ఇంజను దారి పొడుగునా ఆగుతూ లేస్తూ ఉంటుంది కాబట్టి పాతవాటి నెంబరువే, సన్నటి ఇరిడియం మొనవే కావాలని మొండికేసి తెచ్చాడు.

"గ్యాపు తట్టావురా?" కిటికీలోంచి బావ గొంతు, పీలగా.

"తట్టాను బావా."

తట్టలేదు. ఈ మొనను తడితే విరిగి ఊరుకుంటుంది. వెనకటికి ఇద్దరూ ఒకే బల్ల మీద ఇరుక్కుని, ఉప్పుకాగితంతో మసి గీకి, ప్లగ్గును సుతారంగా తట్టి గ్యాపు సరిచేసేవాళ్లు. ఒకరి మూతి మసి చూసి ఒకరు నవ్వుకునేవాళ్లు. ఎంత హాయిగా ఉండేదో! ఆ పని ఇప్పుడు లేదని బావతో చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

అన్నీ బిగించి, బటన్ నొక్కాడు. దీపాలు వెలిగాయి, చప్పుడు లేదు. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ ఇంజను తనకేం పట్టనట్టు పడుకుంటుంది. బ్యాటరీ తరిగితే లేస్తుందని ఏసీ వేశాడు, హెడ్‌లైట్లు వేశాడు.

"లేవలేదేంట్రా?"

"లేస్తుంది బావా. కాస్త ఆగు."

ఎంతసేపటికో ఇంజను మెల్లగా లేచింది. ఎక్కడా తడబాటు లేదు. బామ్మర్ది కిటికీ వైపు చెవి పెట్టాడు. "ఊఁ" రాలేదు.

గదిలోకి వెళ్లేసరికి అక్క ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"చప్పుడు ఆనట్లేదు, ఇది తియ్యవే అన్నారు మీ బావ. తీశాను. అటు చెవి పెట్టారు. అంతేరా తమ్ముడూ."

విన్నాడో లేదో ఆమెకూ తెలియలేదు. బామ్మర్దికి ఏడుపు ఆగలేదు. షెడ్డులో ఇంజను దానంతటదే ఆగిపోయింది.

కిటికీ చువ్వకు బావ చెవుల మీది ఉన్ని మఫ్లరు వేలాడుతోంది, ఇంకా వెచ్చగా.