జ్వరం లేని లీవ్ లెటర్

పెళ్లయినప్పటి నుంచి సాయి సుధకు, మధుసూదన్‌కు ఒక్క ఆదివారం కూడా సొంతానికి మిగల్లేదు. అంగలకుదురు మేనత్త, జంపని పెదనాన్న, సంగం జాగర్లమూడి బాబాయి వంతులవారీగా పిలిచి కొత్త దంపతులకు విందులు పెడుతూనే ఉన్నారు. మొన్నయితే మూడో బూరె చూసి సుధ ఏడవబోయి నవ్వేసింది. అందుకే బుధవారం తెనాలిలో ఎవరికీ చెప్పకుండా బాపట్ల పోయి, సూర్యలంక సముద్రంలో తనివితీరా తడిసి రావాలని ఒట్టేసుకున్నారు. కావలసిందల్లా మధుకు రేపల్లె ఆఫీసులో ఒక రోజు సెలవు.

మేనేజరు బసవేశ్వరరావుకు మెయిల్ పెట్టడానికి మధు ఫోన్ తీశాడు. సుధ అతని భుజం మీద గడ్డం ఆనించి చదివింది: ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్...’

గబుక్కున అతని నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది.

"జ్వరం ఏదండీ?"

"లీవ్ లెటరంటే ఇంతేగా. ఆరో క్లాసు నుంచీ ఇదే. మా అక్క పెళ్లికీ ఇదే రాశా."

"అక్క పెళ్లికి జ్వరమా!"

"కింద సంతకం మా నాన్నదే."

సుధ నవ్వు ఆపుకోలేక మంచం మీద వాలిపోయింది. "వాక్యం లక్షణంగా ఉంది. జ్వరమొచ్చినప్పుడు వాడుకుందాం. ఇప్పుడు నిజం రాయండి."

"నిజం రాసే ఇంగ్లీషు మా సారు చెప్పలా!"

ఆమె ఫోన్ లాక్కుని రాసింది: ‘ఐ వుడ్ లైక్ టు స్పెండ్ ఎ డే విత్ మై వైఫ్.’

"పరువు పోద్దే! జ్వరమంటే కళ్లు మూసుకుని ఇస్తాడు. దీనికి కాదన్నాడంటే బాపట్లా లేదు, ఏమీ లేదు."

సుధ వేలు ఒక్క క్షణం తటపటాయించింది. బూరెలు గుర్తొచ్చాయి. పంపేసింది.

కాసేపటికి ఫోన్ మోగింది, మేనేజరే. మధు స్పీకర్ పెట్టాడు.

"ఏంటయ్యా ఇది? నా సర్వీసంతా జ్వరాలే చూశా. ఎవరు రాశారు?"

"మా ఆవిడండి."

"ఎక్కడికేంటి?"

"సూర్యలంకండి."

"లీవు ఇచ్చా, పో. అమ్మాయ్, వింటున్నావా? మా ఆవిడ ఇది చదివి, నువ్వెప్పుడైనా ఇట్టా రాశావా అని నన్ను తగులుకుంది. హెడ్డాఫీసుకి నేనూ ఇదే పెడతా. బుధవారం మా కార్లోనే నలుగురం కలిసి పోదాం!"

మధు మొహం వాడిపోయింది. సుధ ఫోన్ దగ్గరికి జరిగి, తేనెలు ఒలికే గొంతుతో అంది.

"ఆ వాక్యం నిక్షేపంగా వాడుకోండి బాబాయిగారూ. తేదీ మాత్రం గురువారం వేసుకోండి."

అవతల ముందుగా నవ్వింది మేనేజరు గారి ఆవిడే.