మిషన్ నూనె రాసిన బండి

"తడి చేతులతో ఆ మోటారు స్విచ్చి వేస్తే ఏమవుతుందో తెలుసా నీకు? గోడకి అతుక్కుపోతావు. నిన్ను లాగబోయి నేనూ అతుక్కుపోతాను. సాయంత్రం మీ నాన్న వచ్చి ఇద్దర్నీ ఒకేసారి చూసుకుంటారు."

నా కూతురు విననట్టే నీళ్ల పైపు చుట్ట విప్పింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. పళ్ల డాక్టరు దగ్గర పని. వారమంతా జనం చేత నోళ్లు తెరిపిస్తుంది, సెలవు దొరికితే చాలు కొండవార బురదలో బండి తోలడానికి పోతుంది. ఆ బండి అందరి బండ్లలాంటిది కాదు. మిడతలా ఎత్తుగా, సన్నగా ఉంటుంది. వెనక ఎవరూ కూర్చునే వీలుండదు, దీపం కూడా ఉండదు. అది చేసే చప్పుడు విని వాళ్ల నాన్న పిల్లకి తూనీగ అని పేరు పెట్టారు. ఆయనకది ముద్దు. నాకేమో ఆ చప్పుడు వినబడితే భయం. వినబడకపోతే ఇంకా భయం.

ఆ శనివారం మధ్యాహ్నం బండి వాకిట్లోకి వచ్చేసరికి దాని అసలు రంగేమిటో కనబడలేదు. మడ్గార్డు కింద తట్టెడు మట్టి. పిల్ల మొహం మీద ఇంకో తట్టెడు.

"ముందు నువ్వు కడుక్కో" అన్నాను.

"ముందు ఇంజను చల్లారాలమ్మా. వేడి మీద చన్నీళ్లు పడితే పగులుతుంది."

"ఇంత ఎండ పడితే నీకేమవుతుందో అదీ చెప్పు."

"నేను పగలను."

ఇంజను చల్లారేదాకా ఆ పక్కనే చతికిలబడి మట్టిపెళ్లలు పుల్లతో గీకింది. పొగగొట్టం మూతికి నా జాకెట్టు గుడ్డల కవరొకటి చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. కవర్లన్నీ ఇలాగే మాయమవుతుంటాయి. నేను గుమ్మంలో కూర్చుని హుక్కులు కుడుతూ, ఆ నీళ్ల మోటారు వైరు ఎక్కడ తెగి ఉందోనని దాన్నే చూస్తున్నాను.

"చక్రం మధ్యలోకి సూటిగా కొట్టకూడదు" అంది, నేనడక్కుండానే. "లోపల గ్రీజు ఉంటుంది. నీళ్లు దూరితే బేరింగులు పోతాయి."

"అంటే నీళ్లు తగిలితే పాడయ్యే బండిని నీళ్లు కొట్టి కడుగుతున్నావు."

"అవును."

"దాన్ని బురదలోకి తీసుకెళ్లకపోతే ఈ గొడవే ఉండదు."

"అప్పుడు బండే ఉండక్కర్లేదు కదా" అంది. ఇలాంటి పిల్లతో ఏం మాట్లాడతాం.

కడగడం అయ్యీ అవకముందే డాక్టరు ఫోను చేశాడు. ఎవరికో పన్ను పీకుతుంటే సగంలో విరిగిందట, వెంటనే రమ్మన్నాడు. నీళ్లు కారుతున్న బండిని అలాగే వదిలేసి, "తుడిచి, ఆరాక గొలుసుకి నూనె పెట్టాలి. లేకపోతే తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది. నేనొచ్చి చూసుకుంటా, నువ్వు ముట్టుకోకు" అని వెళ్లిపోయింది.

ముట్టుకోకు అంటే ఎలా. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆ బండితోనే కొండకి పోతానంటోంది. రాత్రి అలిసిపోయి వచ్చి ఈ నూనె పని మరిచిపోతే? తుప్పు పట్టిన గొలుసు పుటుక్కున తెగి కాలికి చుట్టుకుంటే? నాకు కళ్ల ముందే కనబడింది. పాత చీర ముక్క తెచ్చి బండిని పసిపిల్లని తుడిచినట్టు తుడిచాను. నా కుట్టుమిషన్ నూనె సీసా తీసుకొచ్చి గొలుసుకి చుక్క చుక్కగా వేశాను. పాతికేళ్ల నుంచి నా మిషన్‌కి మచ్చ రాలేదంటే ఆ నూనె చలవే. సూది పట్టే దగ్గర, అడుగున రేకుకి, ఇనుము మెరిసే ప్రతిచోటా రాస్తాను. ఈ బండికి అలా మెరిసేవి ఇంకో రెండున్నాయి. ఒక్కో చక్రం పక్కన చిల్లులు చిల్లులుగా గుండ్రటి రేకు. వాటి మీద అప్పుడే గోధుమరంగు చార లేస్తోంది. చూశావా, చెప్పినంతా అయింది అనుకుని వాటికి కూడా గుడ్డతో ఒత్తి ఒత్తి నూనె పట్టించాను. అద్దాల్లా తయారయ్యాయి.

రాత్రి పిల్ల వచ్చి చూసి, "అమ్మో, నువ్వే చేసేశావా" అంది. కోప్పడలేదు. నా భుజం మీద గడ్డం ఆనించి అలాగే కాసేపు నిలబడింది. ఎంత పొంగిపోయానంటే, ఆరోజు ఇంక ఏ భయమూ చెప్పలేదు.

ఆదివారం ఏడింటికి పిల్ల స్నేహితురాలు ట్రాలీ ఆటో తెచ్చింది. బండిని చెక్క మీదుగా పైకి తోసి, తాళ్లతో కట్టి, ఇద్దరూ వెళ్లారు.

ఎనిమిది దాటాక మా తమ్ముడు ఫోను చేశాడు. వాడికి బండ్లు బాగుచేసే షెడ్డుంది. భార్య జాకెట్టు అయిందా అని అడగడానికి చేశాడు. నేను ఊరుకుంటానా, నిన్నటి ఘనకార్యం మొదలుపెట్టాను.

"అక్కా, ఒక్క నిమిషం" అన్నాడు. "గొలుసుకి రాశావు, సరే. ఇంకెక్కడ రాశావు?"

"చక్రాల పక్కన గుండ్రటి రేకులు లేవూ, వాటికి."

వాడి వెనక ఎవరో సుత్తితో కొడుతున్నారు, ఆగమని అరిచాడు.

"ఒకదానికా, రెండింటికీనా?"

"రెండింటికీనూ. ఒకదానికి రాసి ఒకదాన్ని వదిలేస్తానా?"

"అవి బ్రేకులక్కా. ఆ రేకుని గట్టిగా పట్టుకుంటేనే బండి ఆగేది. నూనె ఉంటే పట్టు దొరకదు. అది ఎక్కిందా?"

"ట్రాలీలో వెళ్లింది. అక్కడికెళ్లాక ఎక్కుతుంది."

"అయితే ఎక్కకముందే చెప్పు. నాతో ఎందుకు మాట్లాడుతున్నావు" అని వాడే పెట్టేశాడు.

ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎందుకు ఎత్తుతుంది. ప్రతి ఆదివారం గంటకోసారి చేస్తాను: హెల్మెట్ బిగించావా, నీళ్లు తాగావా, అక్కడ పాములున్నాయట, మబ్బు పట్టింది. కొండకి పోయినప్పుడల్లా ఫోను గొంతు నొక్కేసి సంచిలో పడేస్తానని తనే చెప్పింది. మాటలు రికార్డు చేసి పంపాను. "బండి ఎక్కకు, బ్రేకులు పడవు" అన్నాను. పంపాక పైకి జరిపి చూస్తే, పోయిన వారం కూడా "బండి ఎక్కకు" అనే పంపి ఉన్నాను. అంతకు ముందు వారమూ అదే. ఒక్కటీ విన్న గుర్తు లేదు. ఆ స్నేహితురాలి నంబరు తీసుకోవాలన్న ఆలోచన, ఇన్ని ఆలోచనలు చేసే ఈ బుర్రకి ఒక్కసారీ రాలేదు.

ఆయన్ని లేపి, స్కూటరు తీయించి, వెనక కూర్చున్నాను.

"ఏవండీ, కొంచెం తొందరగా పోనివ్వండి."

"పోనిస్తూనే ఉన్నాను."

"ఇది పోవడమా. సైకిలు వాడు దాటిపోయాడు."

"ముప్పై దాటితే నడుం గిల్లేదానివి" అన్నారాయన, అద్దంలో నన్ను చూస్తూ. "ఇరవై ఆరేళ్లుగా గిల్లించుకుని ముప్పైకి అలవాటైన చెయ్యి ఇది. ఇప్పుడు నలభై అంటే నమ్మడం లేదు."

"నేను గిల్లను. పోనివ్వండి."

"మాట మీద ఉంటావా?"

"పిల్ల ప్రాణం మీదికొస్తే బేరాలాడుతున్నారేమిటండీ."

అప్పుడు యాక్సిలరేటరు తిప్పారు. స్కూటరు ఒళ్లంతా వణికింది. నేను కళ్లు మూసుకుని, ఒక చేత్తో ఆయన చొక్కా, ఒక చేత్తో ఫోను పట్టుకున్నాను. చెవి దగ్గర మోగుతూనే ఉంది, ఆగుతోంది, మళ్లీ నొక్కుతున్నాను. ఇన్నాళ్లూ తను పడుతుందేమో, ఎవరైనా గుద్దుతారేమో అని భయపడ్డాను. నా చేత్తో నేనే, చీర ముక్కతో ఒత్తి ఒత్తి మరీ చేస్తానని ఏ భయంలోనూ లేదు.

తారు రోడ్డు అయిపోయాక ఎర్రమట్టి దారి. మలుపు తిరగ్గానే ట్రాలీ కనిపించింది. దాని వెనక చెక్క ఏటవాలుగా వేసి ఉంది. చెక్క చివర నుంచి మట్టిలో చక్రం ఈడ్చిన గీత నేరుగా తుప్పల్లోకి పోయింది. ఆ గీత చూస్తూ స్కూటరు మీదే ఉండిపోయాను. ఆయనే దింపారు.

తుప్పల అవతల బండి ఒక రాయికి ఆని నిలబడి ఉంది. పిల్ల, మా తూనీగ, ముందు చక్రం దగ్గర ఒక కాలు చాపుకుని కూర్చుని ఏదో రుద్దుతోంది. మాకేసి వీపు. స్నేహితురాలు సీసాలోంచి పెట్రోలు గుడ్డ మీద పోస్తోంది.

"మొన్న ముందు షాకులో నూనె కారకుండా సీలు మార్చాడు చూడు ఆ మెకానిక్, అక్కడి నుంచే కారి ఉంటుంది" అంటోంది నా కూతురు. "చెక్క మీంచి దింపుతుంటే బ్రేకు పట్టలేదు, నన్నూ లాక్కుపోయింది. ఇంకాస్త పైకెళ్లాక అయ్యుంటే? వాడి షాపు ముందు నిలబడి అందరికీ వినబడేలా అడుగుతాను."

ఆయన నాకేసి చూశారు. ఆ మెకానిక్ ఎవడో నాకు తెలియదు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. వాడు నాలుగు తిట్లు తింటాడు, నేను పాత అమ్మలాగే ఉండిపోతాను.

"సీలు కాదమ్మా" అన్నాను. "నేనే రాశాను. రెండు రేకులకీ. మిషన్ నూనె. తుప్పు పడుతుందని."

తన చెయ్యి ఆగింది. వెనక్కి తిరగలేదు. స్నేహితురాలు సీసా మూత బిగించి, ట్రాలీలో ఏదో వెతకాలన్నట్టు అటు వెళ్లిపోయింది. మళ్లీ రుద్దడం మొదలైంది, ఇందాకటి కన్నా మెల్లగా.

"నీకు దెబ్బ తగిలిందా?" అన్నాను.

రుద్దుతూనే ఉంది.

"నిన్నే. తగిలిందా?"

గుడ్డ మడత మార్చింది. రేకు చుట్టూ ఒకసారి తిప్పింది. మళ్లీ మడత మార్చింది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊరుకోమన్నట్టు నొక్కారు. గొంతు దాకా పాతిక మాటలొచ్చాయి, ఒక్కొక్కటీ మింగాను. ఎండ వీపు మీదికొచ్చింది. పెట్రోలు వాసన ముక్కులో కారంలా ఉంది. తను గుడ్డ కింద పెట్టి, ఆ రేకుని వేలితో ముట్టుకుని, వేలు ఎండలోకి పెట్టి చూసుకుంది. మళ్లీ గుడ్డ అందుకుంది. ఎంతసేపో చెప్పలేను. నా లెక్కలో అది ఒక యుగం.

చివరికి ఇటు తిరగకుండానే అంది.

"తగిలింది. ఎడమ మోకాలు. మరీ ఎక్కువేం కాదు, కానీ వంగడం లేదు. రా, చూడు."