ఒక్క ఉడుకు

మా ఎడపల్లిలో పిల్లి అంటే ఒకరి ఇంట్లో పుట్టి పది ఇళ్ళలో తిరిగి తినేది. సుల్తాన్ అలాంటి పిల్లి కాదు. దాన్ని, దాని తోడు రాణిని హైదరాబాద్ నుంచి కారులో తెచ్చారట. సుల్తాన్ ముఖం అప్పడంలా చదునుగా ఉంటుంది. తోక పూతకొచ్చిన చెరుకు వెన్నులా ఉంటుంది. ఆ రెండింటికీ వారానికి సరిపడా తిండి తయారు చేయడమే వినీత మేడం ఇంట్లో నా అసలు పని. అంట్లు, బట్టలు, ఇల్లు ఊడవడం దాని తర్వాతే.

పదో తరగతి అయిపోయిన ఎండాకాలంలో నేను నిజామాబాద్ వచ్చాను. మేడం తల్లిగారికి మా ఊళ్ళో చెరుకు తోట ఉంది. మా బాపు దాంట్లో చెరుకు కొడతాడు. పిల్ల చదువుకుంటానంటున్నదని బాపు వాళ్ళ వాకిట్లో నిలబడి చెప్పుకుంటే, ఆమె అన్నది: "మా వినీత ఇంట్ల ఉండనీ పోశయ్యా. కాలేజీకి పోతది, ఇంత పని చేసి పెడ్తది." నన్ను బస్సెక్కించేటప్పుడు బాపు ఒక్కటే మాట చెప్పాడు.

"నడుమల వాపస్ వచ్చినవంటే మళ్ళ పంపుడు నాతోని కాదు బిడ్డా. ఇగ కొడవలి పట్టుడే."

ఆ మాట నాకు రోజూ గుర్తుండేది. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలకు ఇంకా మూడు వారాలు ఉన్నప్పటి సంగతి ఇది.

ఆదివారం పొద్దున ఆరింటికే చికెన్ దుకాణానికి పోవాలి. ఆ వేళ అక్కడ ఆడవాళ్ళు ఉండరు. తల వంచుకుని చీటీ అందిస్తే, దుకాణం మహేష్ అన్న దాన్ని పెద్దగా చదివేవాడు. "మెడలు, రెక్కలు, కార్జం, గుండెకాయలు, కందనకాయలు. ఏం పిల్లా, మీ మేడం ఇంట్ల పులిని సాదుతున్నదా ఏంది?" అందరూ నవ్వేవారు. నేను చీటీ కూడా వెనక్కి తీసుకోకుండా సంచితో బయటపడేదాన్ని.

ఇంటికొచ్చాక కాంటా మీద గ్రాములు చూసి వేరు చేయాలి. తొడ మాంసం ఇంత, గుండెకాయ ఇంత, కార్జం, అంటే కాలేయం, మాత్రం చాలా కొద్దిగా. మెడలు, రెక్కలు పచ్చివే, ఎముకలు తీయకుండా బొక్కలతో సహా కీమా మిషన్‌లో వేసి తిప్పాలి. మిషన్ గొంతులో బొక్క పటపటమంటుంటే మొదట్లో నాకు పళ్ళు జివ్వుమనేవి. దాంట్లో గుడ్డు పచ్చసొన, చేపనూనె గోలీ, పార్సిల్‌లో వచ్చే తెల్ల పొడి కలపాలి. చిన్న డబ్బాల్లో నింపి ఫ్రీజర్‌లో పెట్టాలి. పళ్ళు గట్టిపడాలని రెండు మూడు రెక్కలు కీమా చేయకుండా అలాగే ఉంచాలి.

మేడం పెట్టిన నియమాలు మూడే. కడగొద్దు. ఉప్పు, పసుపు తగలొద్దు. పొయ్యి మీద పెట్టొద్దు.

ఎందుకో అడగడానికి నాకు ఒక వారం పట్టింది. చివరికి గిన్నె తుడుస్తూ అడిగాను. "ఉడకబెడితే ఏమైతది మేడం?"

"నీకెందుకవన్నీ? చెప్పింది చెయ్యి."

ఒకసారి జవాబు రాకపోతే రెండోసారి అడిగే నోరు నాది కాదు. ఫ్రిజ్ తలుపు మీద ఇంగ్లీషులో ఒక చార్టు అంటించి ఉండేది. పైన లావు అక్షరాల్లో ఉన్న గ్రాములు నాకు కంఠతా వచ్చు. కింద సన్న అక్షరాల్లో ఇంకేదో రాసి ఉండేది. ఏడాదిన్నర రోజూ ఆ తలుపు తీశాను, వేశాను. అది మాత్రం చదవలేదు.

ఫిబ్రవరి మొదటి శనివారం మా నాయనమ్మ బాలవ్వ వచ్చింది. నన్ను పెంచింది ఆమే. అమ్మ పోయినప్పుడు నాకు రెండేళ్ళు. అవ్వకు కుడి కంట్లో పొర వచ్చి అప్పటికే రెండేళ్ళయింది, ఎడమ కన్ను కూడా మసకబారుతోంది. సోమవారం పొద్దున పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆపరేషన్ తర్వాత మూడు రోజులు దగ్గరుండి చుక్కల మందు వేసే మనిషి ఉండాలన్నారు. బాపు చెరుకు కొట్టడానికి కామారెడ్డి దిక్కు పోయాడు. మిగిలింది నేనే. అవ్వను ఇక్కడ ఉంచుకోవచ్చా అని మేడంను అడగడానికి, అవ్వ రాకముందే నాకు నాలుగు రోజులు పట్టింది. ఆమె సెల్ చూసుకుంటూనే, "వెనక రేకుల అర్రల పండమను. ఇంట్లకు రాకుంట సూడు" అన్నది. అంతకన్నా నాకేం కావాలి?

ఆదివారం పొద్దున్నే మేడం బాల్కొండలో పెళ్ళికి పోతూ చెప్పింది. "సాయంత్రం వరకు వస్త. డబ్బాలన్ని నిండాలె."

నేను వంటింట్లో కింద కూర్చుని సంచి విప్పాను. వెనక తలుపు దగ్గర నుంచి అవ్వ తొంగి చూసింది.

"గిదేందే?"

"పిల్లుల తిండి అవ్వ."

"పచ్చిగనా?"

"పచ్చిగనే."

"ఉప్పు లేదు, పసుపు లేదు, నెత్తురు నెత్తురే గిన్నెల పోసుడా! పిల్లులా పిశాచులా గవి?"

నాకు నవ్వొచ్చింది. అవ్వ లోపలికి వచ్చి నా పక్కన కూర్చుంది. మసక కంటికి దగ్గరగా పెట్టుకుని ఒక్కో ముక్కా చూసింది.

"కార్జం గూడ పెడ్తరు?"

"పెడ్తరు."

"మరి నీకు?"

అవ్వ నా కింది రెప్ప వేలితో లాగి, కిటికీ వెలుగుకు తిప్పి చూసింది. ఊళ్ళో ఆశా వర్కర్ చూసినట్టే. "తెల్లగ పాలిపోయింది," అన్నది. "గుడికి పోక ఎన్ని దినాలాయె?" అని అడిగింది.

"దసరా కంటె ముందు పోయిన."

"ఆదివారం పిల్లులకిచ్చినవ్. దేవునికి ఏ వారమిచ్చినవే?"

మేము గుడి అనేది చర్చినే. మా ఊరి మెథడిస్టు చర్చిలో చిన్నప్పుడు మొదటి వరుసలో నా పక్కన కూర్చుని పాటలు నేర్పింది ఆమే. ఆ రోజు నెల మొదటి ఆదివారం. ప్రభు భోజనం ఉంటుంది.

"పో. నేను కోస్త. జిందగంత కూర కోసిన చేతులివి, గింత కొయ్యలేనా?"

పోవాలనిపించింది. మేడం సాయంత్రం దాకా రాదు. ఇల్లు వదిలి పోవద్దని ఆమె విడిగా చెప్పలేదు కానీ, అది చెప్పకుండానే తెలిసే సంగతి.

"అవ్వ, కడగొద్దు. ఉడకబెట్టొద్దు. ఊకె కోసి పెట్టు. మిషన్ నేనచ్చి తిప్పుత."

"కడగకపోతే ఎట్లనే? నీసు వాసన గాదా? ఎందుకు కడగొద్దు?"

"మేడం చెప్పింది."

"ఆమెకేం, చెప్తది. సరే తియ్యి. యాళ్ళయితున్నది, పో."

ఎందుకో నాకే తెలియదు, ఆమెకేం చెప్పను?

చర్చిలో వెనక వరుసలో కూర్చున్నాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా వాసన పోలేదు. పాస్టరు గారు రొట్టె ముక్క నా అరచేతిలో పెట్టేటప్పుడు ఆయనకు ఆ వాసన తగులుతుందేమోనని భయపడ్డాను. అయినా ఆ గంటన్నర నాకు చాలా బాగుంది. తిరిగి వస్తుంటే అవ్వ నేర్పిన పాట ఒకటి నోట్లో మెదిలింది.

గేటు దగ్గరికి రాగానే పసుపు వేసి ఉడికించిన కోడికూర వాసన వచ్చింది.

పొయ్యి మీద గిన్నె ఉంది. సింకు చుట్టూ పచ్చటి నీళ్ళు. ఉప్పు, పసుపు పట్టించి మూడు నీళ్ళు కడిగిందట. మా దగ్గర కూర, అంటే మాంసం, తెస్తే ఎవరైనా చేసే పనే అది.

"ఒక్క ఉడుకే బిడ్డా," అన్నది అవ్వ. "ఒక్కటంటె ఒక్కటే ఉడుకు. నోరులేని జీవాలకు పచ్చి బొక్కలు ఏస్తరా? గొంతుల ఇరుకయా? జర మెత్తగైతయని పెట్టిన. ఏదీ, సూడు ఎట్ల తింటున్నదో."

రాణి వాసన చూసి సోఫా కిందికి పోయింది. సుల్తాన్ మాత్రం కోడిమెడను రెండు కాళ్ళతో నొక్కిపట్టి కళ్ళు మూసుకుని నములుతోంది. పచ్చి మాంసం అది ఎప్పుడూ అంత ఇష్టంగా తినలేదు. అవ్వ నవ్వింది. నేనూ నవ్వాను.

అప్పుడు దాని నోట్లోంచి ఆ మెడ లాగేసి ఉంటే అయిపోయేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. మేడంకు వాసన తెలుస్తుందన్న భయం ఒక్కటే ఉంది. కిటికీలు తీశాను. గిన్నె తోమాను. సింకు మీది పసుపు మరక నిమ్మచెక్కతో రుద్దాను. మిగిలిన కూర ఎక్కడ పారేద్దామా అని చూస్తుంటే అవ్వ ఒక చిన్న గిన్నె నా ముందు పెట్టింది. అందులో కార్జం ముక్కలు. "నిలవడే తిను. నీ ఒంట్ల నెత్తురు లేదు."

తిన్నాను. చాలా రుచిగా ఉంది.

సగం తిన్నానో లేదో, సుల్తాన్ ముందు కాలితో మూతి గీరుకోవడం మొదలుపెట్టింది. మెడ చాచి దగ్గింది. నోటి నుంచి తీగలా జొల్లు కారింది, దాంట్లో ఎర్రటి చార. నేను దాన్ని ఎత్తుకుంటే నా చెయ్యి గీరేసింది. "నీళ్ళు తాపు, అన్నం ముద్ద పెట్టు" అని అవ్వ చుట్టూ తిరుగుతోంది. ఆమెకు పిల్లి ఎక్కడుందో కూడా సరిగా కనిపించడం లేదు. మేడంకు ఫోన్ చేయాలి. నంబరు నొక్కడం, ఏం చెప్పాలో తెలియక కట్ చేయడం. అలా మూడుసార్లు. నాలుగోసారి నొక్కేలోపే కారు గేటు ముందు ఆగింది. సాయంత్రం అన్న మనిషి మూడింటికే వచ్చింది.

ఆమె ఏమీ అడగలేదు. సుల్తాన్‌ను టవల్‌లో చుట్టుకుని అదే కారులో పశువుల డాక్టర్ దగ్గరికి పోయింది.

పొద్దుగూకే వేళకు వచ్చింది. మత్తిచ్చి తీశారట. సుల్తాన్ టవల్‌లో నిద్రపోతోంది. మేడం చిన్న ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టింది. అందులో సూదిమొనలా చీలిన బొక్క ముక్క, నా గోరంత ఉంది. దానికి ఇంకా పసుపు అంటి ఉంది.

"ఎవరు ఉడికిచ్చిన్రు?"

"నేనే అమ్మా," అన్నది అవ్వ గుమ్మం అవతల నుంచి.

"నువ్వేం చేస్తున్నవ్ సువర్ణా? నువ్వు ఇంట్లనే ఉన్నవా లేవా?"

నా నోరు తెరుచుకుంది. పోయిన అని చెబితే, రేపు పొద్దున నేను ఎడపల్లి బస్సులో ఉంటాను. మూడు వారాల్లో పరీక్షలు. ఇవన్నీ ఆ క్షణంలోనే నా తలలో తిరిగాయి. అవ్వ తలలో కూడా తిరిగి ఉంటాయి.

"ఉన్నదమ్మా," అన్నది అవ్వ. "ఎన్క బట్టలు పిండుతుండె. పిల్ల వద్దు వద్దన్నది. నేనే ఇనలే. ముసల్దాన్ని, బుద్ధి గడ్డి తిన్నది. పిల్లనేమనకు."

మేడం నా వైపు చూసింది. "నిజమేనా?"

తల ఊపాను. మాట కూడా కాదు, తల మాత్రమే.

"ఈమె ఇప్పుడే పోవాలె. మీ ఇంటి మనుషులు మల్ల ఈ గడప తొక్కితే నువ్వు గూడ ఆమె ఎన్కనే పోతవ్. సమజైందా?"

"రేపు ఆమెకు..." అన్నాను. ఆపరేషన్ అనే మాట అనలేకపోయాను. మేడం అప్పటికే సుల్తాన్‌ను ఎత్తుకుని లోపలి గదిలోకి పోయింది.

అవ్వ రేకుల గదిలో సంచి సర్దుకుంది. "అవ్వ, ఆపరేషన్..." అంటే, "కన్ను ఏడికి పోతది? ఉన్న కాడికి కనవడ్తనే ఉన్నదిగా. మల్లొక తారీఖు ఇస్తరు. నువ్వు రాసేది మల్ల రాదు," అన్నది. గేటు దాకా మాత్రమే పోయాను. బస్టాండ్ దాకా పోతానని మేడంను అడగాలి కదా. అవ్వ ఆటో పిలిచింది. ఎక్కేటప్పుడు మెట్టు అందక కాలు రెండుసార్లు గాలిలో తడిమింది. ఆటో డ్రైవర్ చెయ్యి పట్టి ఎక్కించాడు.

సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు, అవ్వ పేరు పిలిచే వేళకు, నేను సుల్తాన్ నోట్లో సిరంజితో మందు పోస్తున్నాను. మూడు రోజులు, రోజుకు నాలుగుసార్లు. దగ్గరుండి చూసుకునే మనిషి కావాలని ఈ డాక్టర్ కూడా చెప్పాడట.

నేను డైరీలో ప్రతిరోజూ ఏదో ఒకటి రాస్తాను. ఆ ఆదివారం పేజీ మాత్రం ఖాళీగా వదిలేశాను.

మరుసటి ఆదివారం డిక్షనరీ దగ్గర పెట్టుకుని చార్టు కింద ఉన్న సన్న అక్షరాలు చదివాను. మూడు వాక్యాలే. పచ్చి బొక్క మెత్తగా ఉంటుంది, నలుగుతుంది. ఉడికితే పెళుసై సూదుల్లా చీలుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ ఉడికిన బొక్క పెట్టకూడదు. చదవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇంటర్ చదువుతున్నాను నేను.

రేపు మొదటి పరీక్ష. సెంటర్ ఇక్కడికి దగ్గరే, నడిచిపోవచ్చు. ఇందాక పక్కింటి వాళ్ళ ఫోన్ నుంచి అవ్వ మాట్లాడింది.

"పిల్లి మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగున్నది."

"తింటున్నదా?"

"తింటున్నది అవ్వ. పచ్చిదే."

"పోనీ తియ్యి. దానికి అదే మంచిదైతె అదే పెట్టు. నాకేమెరుక?" అన్నది. "రేపు అన్ని సక్కగ చదివి రాయి. తొందరపడకు."

"కన్నెట్లున్నది అవ్వ?"

"ఎడమది గూడ ఇంకింత మసకైంది. ఎండ కదా, గందుకే కావచ్చు."

ఫోన్ పెట్టేశాక ఫ్రీజర్ నుంచి రేపటి డబ్బా తీసి కింది అరలో పెట్టాను, పొద్దుటికి కరిగేలా. ఆ ఆదివారం నేను ఇంట్లో లేనని మేడంకు ఇప్పటికీ తెలియదు.