డీకన్ గారి మడమ

లెమ్యుయెల్ గిటారు వాయిస్తాడని డేటన్ ఊళ్ళో అందరికీ తెలుసు, ఒక్క చర్చి పెద్ద డీకన్ హోసియా గారికి తప్ప. అలాగని ఆయన చూడలేదని కాదు. రెండు వేసవులుగా రాస్కో బ్యాండు పార్కులో ఎప్పుడు వాయించినా, స్టేజీ పక్కనే ఆయన చర్చివాళ్ళ వేపుడు చేపల కొట్టు ఉంటుంది. మూకుడు ముందు నిలబడేది ఆయనే. చూస్తూనే ఉన్నాడు. వినపడటం లేదు, అంతే.

ఆయన కూతురు వర్నెల్‌ని తనకిచ్చి పెళ్ళి చెయ్యమని లెమ్యుయెల్ అడగడానికి వెళ్ళిన రోజున, డీకన్ గారు ఆ మాట మొహం మీదే అనేశాడు.

"బాకా ఊదేవాడు నాకు వినపడతాడు. ఆ డ్రమ్ములు బాదే బిస్కెట్‌గాడు పక్క ఊరిక్కూడా వినపడతాడు. నువ్వు ఓ మూల నిలబడి చెయ్యి ఊపుతుంటావు. ఈగలు తోలుతున్నావనుకున్నానయ్యా ఇన్నాళ్ళూ."

"గిటారేనండీ, డీకన్ గారూ. మేం ఆ వాయింపు మిగతావాళ్ళ సందుల్లో..."

"సందుల్లో తిరిగేవాడికి పిల్లనెలా ఇస్తాను? వచ్చే శనివారం నాకు వినపడు. వినపడితే మాట్లాడుకుందాం. లేదా, నువ్వు పనిచేసే ఆ కార్ల ఫ్యాక్టరీలో బ్రేకులు బిగించుకుంటూ ఉండు, మా గుమ్మం తొక్కకు."

డీకన్ గారు చెడ్డవాడేం కాదు. మడమల మనిషి. వాళ్ళ చర్చిలో పాట ఊపందుకుంటే చప్పట్లు కొట్టొచ్చు, ఊగొచ్చు, భోరున ఏడవొచ్చు, కాలి వేళ్ళు ఆడించొచ్చు. మడమ నేల విడిచిందా, అది నాట్యం. నాట్యం పాపం. ఎవరి మడమ లేస్తోందో కనిపెట్టే పని ఆయనది. ఆరాధనప్పుడు అందరూ పైకి చూస్తుంటే ఆయనొక్కడు బెంచీల కిందికి చూస్తుంటాడు. లేచిన మడమ ఎవరిదో ఆదివారం అందరి ముందూ చదువుతాడు. అందుకని ఆ చర్చిలో ఆయనంటే దేవుడికన్నా కాస్త ఎక్కువ భయం.

లెమ్యుయెల్ తిన్నగా రాస్కో దగ్గరికి పరిగెత్తాడు. రాస్కో బ్యాండుకి యజమాని, గాయకుడు, గురువు. గొడుగంత జుట్టు, దానికి తగ్గ నోరు.

"అన్నా, శనివారం నాకొక్క సోలో ఇవ్వు, కాసేపు నేనొక్కణ్ణే వాయిస్తాను. నా పెళ్ళి దానిమీదే ఉంది."

రాస్కో కళ్ళు మూసుకున్నాడు. ఉపన్యాసం మొదలవబోతోందని దానర్థం.

"తమ్ముడూ, తాళంలో మొదటి దెబ్బ అందరిదీ. ఆ తరవాత ఎవరి గదిలో వాళ్ళుండాలి. బేస్ గిటారు ఆగినచోట నువ్వు. డ్రమ్ము పడేచోట నువ్వుండకూడదు. మూడు సన్న తీగలు చాలు నీకు. కుడి చెయ్యి ఆగకూడదు, ఎడమ చెయ్యి తీగల్ని నొక్కీ నొక్కకుండా పట్టుకోవాలి. పదిసార్లు గీరితే రెండుసార్లే పలకాలి. తక్కువ, తమ్ముడూ, తక్కువ! గొప్పతనమంతా తక్కువలోనే ఉంది."

తక్కువ గురించి రాస్కో మాట్లాడటం మొదలుపెడితే ఆ రోజు రిహార్సల్ అయిపోయినట్టే. వింటున్నవాళ్ళు సిగరెట్టు కాల్చుకొచ్చినా, భోంచేసొచ్చినా ఆయన ఇంకా తక్కువ దగ్గరే ఉండేవాడు.

పైగా బ్యాండులో ఓ శిక్ష ఉంది. ఎవరైనా అదనంగా వాయిస్తే, తరవాతి పాట మొత్తం వాద్యం కిందపెట్టి, చేతులు కట్టుకుని జనం ముందు నిలబడాలి. బాకావాడు నిలబడ్డాడు, బేస్‌వాడూ నిలబడ్డాడు. బిస్కెట్ మాత్రం ఎప్పుడూ నిలబడలేదు, ఎందుకంటే డ్రమ్ము ఆగితే పాటే లేదు. అందుకని వాడు ఇష్టమొచ్చినట్టు బాదేవాడు. రాస్కోకి ఆ శిక్ష వర్తించదు, అది ఆయనే పెట్టాడు కనక.

శనివారం మధ్యాహ్నం పార్కు కిటకిటలాడింది. మొదటి పాటకే జనం లేచారు. బెల్‌బాటం ప్యాంట్లు, మెరిసే చొక్కాలు, చంకలో పసిపిల్లలు, అందరూ ఒక్క కుదుపులో ఉన్నారు. లెమ్యుయెల్ ఎప్పట్లాగే తల వంచుకుని, తన వేళ్ళు తను చూసుకుంటూ, చిక్-చిక అని తన సందులో తను ఉన్నాడు. కొట్టు దగ్గర ఒక్క గిరాకీ లేదు. చేపలు చల్లారిపోతున్నాయి.

రెండో పాట మధ్యలో రాస్కో నీళ్ళు తాగడానికి మైకు వదిలాడు. ఇక ఆగలేకపోయాడు లెమ్యుయెల్. పక్కనున్న ఆంప్లిఫయర్ పెట్టె గొంతు పూర్తిగా పెంచి, స్టేజీ ముందుకొచ్చి, వచ్చినవీ రానివీ అన్నీ వాయించేశాడు. తీగలు సాగదీశాడు, మోకాళ్ళమీద కూర్చున్నాడు, గిటారు వీపు వెనక పెట్టుకున్నాడు. వర్నెల్ కోసం కదా, చెమటలు కారినా లెక్కచెయ్యలేదు.

తలెత్తి చూసేసరికి ముందు జనం లేరు.

అందరూ చేపల కొట్టు ముందు వరస కట్టి ఉన్నారు. నాట్యం ఆగిపోయాక ఆకలి గుర్తొచ్చింది వాళ్ళకి. డీకన్ గారు రెండు చేతులా చేపలు తీస్తూ, బ్రెడ్డులో పెడుతూ, కారపు సాసు పోస్తూ, స్టేజీ వైపు అరిచాడు:

"వినపడిందయ్యా, బాగా వినపడింది! ఇంకో అరగంట ఇలాగే వాయించు, మూకుడు ఖాళీ అయిపోతుంది!"

లెమ్యుయెల్‌కి తల కొట్టేసినట్టయింది. బ్యాండు మొత్తం నవ్వింది. బిస్కెట్ అయితే కర్రలు జారవిడిచి మరీ నవ్వాడు. రాస్కో నవ్వలేదు. వేలితో నేల చూపించాడు. గిటారు కిందపెట్టు, చేతులు కట్టుకో.

మూడో పాట అతను లేకుండా మొదలైంది. డ్రమ్ముంది, బేస్ ఉంది, బాకా ఉంది, రాస్కో గొంతు చించుకుంటున్నాడు. అన్నీ ఉన్నాయి గాని, ఉప్పు మరిచిపోయిన మొక్కజొన్న జావలా ఉంది. చేపలు తిని తిరిగొచ్చినవాళ్ళు నడుము ఊపడానికి చూసి, ఎక్కడ ఊపాలో తెలీక, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేతులు కట్టుకుని నిలబడ్డ లెమ్యుయెల్‌కి అదేం పట్టలేదు. పెళ్ళి పోయింది, పరువూ పోయింది, ఏడుపొక్కటే తక్కువ.

రాస్కోకి చెమటలు పట్టాయి. పాడుతూనే వెనక్కి జరిగి, పళ్ళ సందునుంచి అన్నాడు. "తియ్యరా అది."

"శిక్ష కదన్నా?"

"నా శిక్ష, నా ఇష్టం! నీ సందులోకి పో, తొందరగా!"

లెమ్యుయెల్ గిటారు తీశాడు. పెట్టె గొంతు తగ్గించాడు. మూడు సన్న తీగలు, ఆగని కుడి చెయ్యి. చిక్, చిక-చిక్. పార్కంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుని కదిలింది. అంత పని చేసిన వేళ్ళ వైపు చూసుకోవడానికి సిగ్గేసి, తన సందులో వాయిస్తూనే మొదటిసారి తలెత్తి చూశాడు. కొట్టు దగ్గర వర్నెల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గరిటెతో కిందికి చూపిస్తోంది. తండ్రి కాళ్ళ వైపు.

డీకన్ గారి కుడి మడమ లేస్తోంది. పడుతోంది. మళ్ళీ లేస్తోంది. ఆయన మొహంలో ఏమీ లేదు, చేపని తిరగేసే శ్రద్ధ తప్ప. కొట్టులోని చర్చి అక్కయ్యలు మొహామొహాలు చూసుకున్నారు. ఒకావిడ ఎడం చేత్తో టోపీ సర్దుకుని, "డీకన్ గారూ, తమరి మడమ!" అంది, ఎన్నాళ్ళనుంచో దాచుకున్న సంతోషంతో.

ఆయన కిందికి చూసుకున్నాడు. మడమని నేలకి అదిమాడు. చిక-చిక్. మళ్ళీ లేచింది.

పాట అయిపోగానే పట్టకారు చేత్తో పట్టుకునే స్టేజీ దగ్గరికొచ్చాడు.

"ఏమోయ్, నువ్వు చేతులు కట్టుకున్నంతసేపూ నా కాలు బుద్ధిగా ఉంది. నువ్వా గిటారు పట్టుకోగానే లేచింది. అవునా?"

"అవునండీ... అనుకుంటానండీ."

"రెండేళ్ళు! రెండేళ్ళుగా ఈ పార్కుకొస్తే చాలు కాలు అదురుతోందని డాక్టరు చుట్టూ తిరిగాను. నరాల జబ్బన్నాడు. మాత్రలు మింగాను. చర్చి మొత్తం చేత ప్రార్థన చేయించాను. ఆ జబ్బు నువ్వా?"

"క్షమించండి, డీకన్ గారూ."

"క్షమించడమేమిటి! వినపడకుండా ఇంత పాపం చేయించేవాణ్ణి ఊరిమీద వదిలేస్తారా ఎవరైనా? కళ్ళముందు పెట్టుకోవాలి." పట్టకారు ఊపుతూ అన్నాడు. "రేపు భోజనానికి రా. పెళ్ళి సంగతి మాట్లాడాలి. ఆ గిటారు మాత్రం నా ఇంటి ఛాయలకి తీసుకురాకు."

వెనక్కి తిరిగాడు. కొట్టు దగ్గర అక్కయ్యలు ఆయన కాళ్ళకేసే చూస్తున్నారు, మామూలుగా ఆయన వాళ్ళ కాళ్ళకేసి చూసినట్టు. కొంచెం దూరం నడిచి ఆగాడు. మళ్ళీ వచ్చి, స్టేజీ అంచుకి నోరు దగ్గరగా పెట్టాడు.

"ఇందాకటిలా చిన్నగా వాయిస్తానంటే తీసుకురా. కిటికీలు మూసుకుందాం."