పరుపుల వీధి పెంకులు

దీపావళి వెళ్ళీ వెళ్ళగానే నెల్లూరులో వాన పట్టుకుంది. పరుపుల వీధిలో ఏ ఇంటికీ కప్పు లేదు. దరియావలి ఇంట్లో, పెళ్ళివారి పరుపుల కోసం ఏకిపెట్టిన దూది ముద్దయి నేలకు అంటుకుపోయింది. అతని భార్య నూర్జాన్ పసిబిడ్డను కొంగుతో నడుముకు కట్టుకుని, ఆ దూదిని గుప్పెడు గుప్పెడు పిండుతోంది. పిండితే పనికొస్తుందా? రాదని ఆమెకూ తెలుసు. చేతులు ఊరుకోక పిండుతోంది.

వీధి మొదట్లో తన అరుగు మీద నిలబడి కామాక్షయ్య అదంతా చూస్తున్నాడు. అతని ఇంటికి కప్పుంది. ఒక్క చుక్క కూడా కారడం లేదు.

కామాక్షయ్య కాలేజీ ఆస్తుల గుమాస్తా. విక్టోరియా రాణి ఏలుబడిలో ఎవరో దొరసాని కాలేజీకి ఈ వీధి స్థలమంతా రాసిచ్చింది. కాలేజీ దాన్ని దూది ఏకే కుటుంబాలకు తొంభైతొమ్మిదేళ్ళ లీజుకిచ్చింది. నేల కాలేజీది, దాని మీద కట్టుకున్న గోడా కప్పూ వాళ్ళవి. ఏటా వానలకు ముందు కాలేజీ తన మనుషుల్ని పంపి పెంకులు సర్దించాలి, అదొక షరతు. రాణి పోయింది, దొరలూ పోయారు, ఈ అరవై ఒకటో సంవత్సరంలో లీజు కూడా తీరిపోయింది. అక్కడ సినిమాహాలు కట్టాలని కాలేజీ కమిటీ ముచ్చటపడింది. విద్యాదానం చేసే పెద్దలకు సినిమాహాలెందుకని అడుగుతారా? అప్పటికి ఆ ఊళ్ళో వాళ్ళను అడిగే అలవాటు ఎవరికీ లేదు.

కోర్టుకు పోతే ఏళ్ళు పడుతుంది. అందుకని కంట్రాక్టరు రమణయ్య కమిటీ ప్రెసిడెంటు ముందు ఒక ఉపాయం పెట్టాడు. "ఏటా మాదిరే పెంకులు దించండి. మళ్ళా కప్పబాకండి. మనం ఖాళీ చేయించే పన్లేదు, వానే చేయిస్తది."

ఆ మాట అన్నప్పుడు కామాక్షయ్య అక్కడే, తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. అతనుండే ఇల్లు కాలేజీది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఇల్లు. నోరు మెదపలేదు. మర్నాడు ఏటా తిరిగినట్టే గడప గడపకూ తిరిగి, "పెంకులు సర్దేవాళ్ళొస్తారు, సామాను పక్కకు పెట్టుకోండమ్మా" అని చెప్పాడు. అతను చెప్పాడు కాబట్టి జనం నమ్మారు. ఆడా మగా వరసగా నిలబడి పగిలినవి ఏరి తిరిగి తెస్తారనుకుని, తమ ఇళ్ళ పెంకుల్ని తామే అందించి బండ్లకెత్తారు. పిల్లలు మసి పూసుకుని నవ్వారు. ఎండలో నిలబడ్డాడని నూర్జాన్ అతనికి చెంబుడు మజ్జిగ ఇచ్చింది. సిగ్గులేకుండా తాగాడు.

ఇప్పుడు వాన జోరెక్కింది. నూర్జాన్ తడిబట్టలతో పరుగెత్తుకొచ్చి అరుగెక్కింది. వెనకాల మరికొందరు ఆడవాళ్ళు, చంకల్లో బిడ్డలు.

"కామాక్షయ్యగారూ, మీ పెంకులు ఎప్పుడు దించుతారు?" అంది నూర్జాన్, బిడ్డ తల తుడుస్తూ. "వానకు ముందే మా పని కావాలని మీవి ఆపుకుని మావి ముందు దించబెట్టినారు, పాపం. ఈ కూలోళ్ళు యాడ పోయినారో ఏందో!"

ఆ 'పాపం' అనే మాట దగ్గర అతను చూపు తిప్పుకున్నాడు. ఏదో గొణిగి లోపలికి పోయాడు. భార్య ఆదిశేషమ్మ పిల్లలకు కాగబెట్టిన పాలు పోస్తూ అతని మొహం చూసింది. ఆ రోజు అతను అన్నం ముట్టలేదు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. వీధి మధ్య జనం పోగయ్యారు. పెంకులు దించిన కూలీల మేస్త్రీ చెంచయ్యను ఎవరో రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. కాలేజీ విద్యార్థులు కొందరు, విద్యార్థి సంఘంలో పనిచేసే కరుణాకుమారి వెంట వచ్చారు.

"నువ్వు గదా దించింది! కప్పవేందిరా?" అని దరియావలి అతని మీదికి పోయాడు.

"దించమన్నారు, దించినాను. కప్పను పోతే గేటు కాడ తరిమినారు. మీ కొంపల మీద నాకేం పగన్నా? నాదీ పూరి కొంపే!" అని చెంచయ్య అరిచాడు.

పెద్దాయన అమీర్ బాషా చేతులెత్తి ఆపాడు. "కొట్లాడబాకండి. ప్రెసిడెంటుగారి కాళ్ళ మీద పడదాం. చదువుకున్నోళ్ళు, వింటారు."

"ఆయన వినేదాకా వాన ఆగుతుందా తాతా?" అంది కరుణాకుమారి. "కప్పు లేకపోతే ఇది పాడుబడ్డ గోడ అంటారు, ఎవరైనా పడగొడతారు. కప్పుంటే ఇల్లు. ఇంటి మీద చెయ్యెయ్యాలంటే వాళ్ళు కోర్టుకు రావాల్సిందే. మన పెంకులు మనం కప్పుకుందాం."

"కాలేజీవాళ్ళు కావాలనే చేసినారని ఏంది నమ్మకం? కామాక్షయ్యగార్ని అడగండి. ఆయన అబద్ధం చెప్పడు" అన్నాడు అమీర్ బాషా.

అందరూ గుంపు వెనక నిలబడ్డ కామాక్షయ్య వైపు తిరిగారు.

"కావాలనే చేసినారు" అన్నాడు. "నాకు ముందే తెలుసు. తెలిసే మీ ఇండ్లకొచ్చి చెప్పినాను."

దరియావలి దగ్గరికొచ్చి చెయ్యెత్తాడు. ఆ చేతికి తడి దూది అంటుకునే ఉంది. కొడితే బాగుండునని కామాక్షయ్య తల వంచుకున్నాడు. దెబ్బ పడలేదు.

"మా ఇంట్లో మజ్జిగ తాగినావే" అంది నూర్జాన్. అంతే. ఆమె నోట అతనికి 'మీరు' అన్న మాట అప్పటితో పోయింది.

"ఏడ్చేదానికి పొద్దుంది" అన్నాడు దరియావలి చెయ్యి దించి. "పెంకులు యాడుండాయి?"

"కాలేజీ ఆటస్థలంలో. కొన్ని రమణయ్య అమ్ముకున్నాడు."

అందరూ కదిలారు. ఆటస్థలం గేటు ముందు నిలబడ్డ వాచ్‌మన్ ఆ గుంపును చూసి పక్కకు తప్పుకున్నాడు. ఆటస్థలం నుంచి పరుపుల వీధి దాకా, రోడ్డుకడ్డంగా జనం వరస కట్టారు. దించిన రోజు నిలబడినట్టే నిలబడ్డారు, పెంకులు మాత్రం ఇప్పుడు వెనక్కి వస్తున్నాయి. బురఖా వేసుకున్న ముసలమ్మ పక్కన హాస్టలు కుర్రాడు, అతని పక్కన చెంచయ్య కూలీలు. రమణయ్య వచ్చి, "కాలేజీ ఆస్తి! జైల్లో పెట్టిస్తా!" అని రంకెలు వేశాడు. ఒక పెంకు అతని ముక్కు ముందు నుంచే చేతులు మారింది.

మధ్యాహ్నానికి ఆటస్థలంలో పెంకులైపోయాయి. చివరి ఇళ్ళు బోసిగా మిగిలాయి. వాటిలో దరియావలిదొకటి. సముద్రం వైపు నుంచి మళ్ళీ నల్లమబ్బు లేచింది.

కామాక్షయ్య చెంచయ్య నిచ్చెన తీసుకుని తన ఇంటికే వేశాడు. పైకెక్కి మొదటి పెంకు ఊడదీసి కిందికి చాచాడు. "పట్టండి" అన్నాడు. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత నూర్జాన్ వచ్చి అందుకుంది. అతని మొహం చూడలేదు, పెంకునే చూసింది. అతనికి అదే న్యాయమనిపించింది.

"ఇల్లు లేకుండా చేస్తివి గదయ్యా!" అని ఆదిశేషమ్మ గుమ్మంలో నెత్తి కొట్టుకుంది.

అతను ఆగలేదు. వంటింటి మీద వాసాలు బయటపడే సరికి పోలీసు వ్యాను వచ్చింది.

"కాలేజీ ఇంటి పెంకులు దొంగిలిస్తావా? దిగు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దిగతాను. ఈ వరస అందించి దిగతాను."

కానిస్టేబుళ్ళు ఎక్కి అతన్ని లాగి దించారు. అతనితోబాటు చెంచయ్యనూ కరుణాకుమారినీ వ్యానెక్కించారు. నిచ్చెన పైన చోటు ఖాళీ అయింది. ఆదిశేషమ్మ ఒక్క క్షణం ఆ ఖాళీని చూసింది. ముక్కు చీదుకుని, కొంగు బిగించి, తిట్టుకుంటూనే నిచ్చెనెక్కింది. పెంకు తీసి నూర్జాన్ చేతికిచ్చింది.

చినుకులు మొదలయ్యాయి. వీధి లోపలి నుంచి దూది ఏకే విల్లు టంగుమని మోగింది. దరియావలి తన ఇంట్లో కప్పు పడినంత మేర కూర్చుని పని మొదలుపెట్టాడు. వ్యాను కిటికీ ఊచలు పట్టుకుని కామాక్షయ్య ఆ చప్పుడు విన్నాడు. డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. అతని ఇంటి నుంచి పెంకులు అందించే వరస రోడ్డుకు అడ్డంగా ఉంది. ఒక్కరూ జరగలేదు.